తీగకు కావలి

ఇటీవల అచ్యుతాపురము నుండి మాకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు ఒక గృహిణి. తమ యింటి మేడమీది నాలుగు గదులను అద్దెకిచ్చినారట. చలికాలములో తెల్లవారుజామున బ్రేకరు మాటిమాటికి పడిపోవుచుండగా, కరెంటు పనివానిని పిలిపించి, దానిని తీయించి పెద్ద బ్రేకరు వేయించినారట. అప్పటినుండి అది పడుట మానినది. కాని ఆ వేళలో మెట్లప్రక్క గోడమీది బోర్డును ముట్టుకొన్నచో వెచ్చగా తగులుచున్నదట. "పడే బ్రేకరు మంచిదా, పడని బ్రేకరు మంచిదా? రేడియోలో చెప్పించండి" అని ఆమె అడిగినారు.

ప్రశ్న చిన్నది. దాని వెనుక ఇంచుమించు రెండువందల యేండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినచో సమాధానము దానంతటదే దొరకును. కావున ముందు కథ చెప్పి, పిమ్మట లెక్క చెప్పెదము.

ఉత్తరము అందిన పిమ్మట మేము అచ్యుతాపురము వెళ్ళి ఆ యిల్లు చూచి వచ్చినాము. అనకాపల్లి నుండి పూడిమడక సముద్రతీరమునకు పోవు దారిలో ఉన్నది ఆ ఊరు. చిరకాలము విశాఖపట్నము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ శతాబ్ది తొలి దశాబ్దిలో ప్రత్యేక ఆర్థిక మండలము వచ్చిన తరువాత ఊరి తీరు మారినది. కర్మాగారములలో పనిచేయు యువతీయువకులు ఎక్కడెక్కడినుండియో వచ్చి అద్దెగదులలో ఉండుచున్నారు. వెనుక ప్రతి పెరటిలోను నీళ్ళకాగు, దానిక్రింద కట్టెలపొయ్యి ఉండేవి. కలవారింట రాగి బాయిలరు ఉండేది. ఇప్పుడు గదికొక ప్లాస్టిక్ బకెట్టు, అందులో ఒక వేడికడ్డీ. పొద్దుటి షిఫ్టునకు పోవువారందరికి వేడినీళ్ళు ఒకే గడియలో కావలెను. నాలుగు కడ్డీలు ఒక్కసారిగా నీటిలో మునుగును. ఆ యింటిలో నాలుగు గదులకు కలిపి ఒకే జత తీగలు పోయినవి. వాని మందము ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు. మొదట వానికి 16 ఆంపియర్ల బ్రేకరు ఉండేది. దాని స్థానములో ఇప్పుడు 32 ఆంపియర్లది ఉన్నది. బ్రేకరు మారినది, తీగ మారలేదు. కథలోని ముడి అంతయు ఇక్కడనే ఉన్నది.

తీగలో ప్రవహించు విద్యుత్తునకు, దానిని నెట్టు ఒత్తిడికి, తీగ నిరోధమునకు గల సంబంధమును జర్మనీ దేశస్థుడైన గియోర్గ్ ఓమ్ 1827 లో ప్రకటించినాడు. ఆ తరువాత 1841 లో ఆంగ్లేయుడైన జేమ్స్ జౌల్ ఇంకొక సూత్రమును లోకమునకు తెలిపినాడు. తీగలో పుట్టు వేడి ప్రవాహము పెరిగినంత మాత్రమే పెరుగదు. దాని వర్గము చొప్పున పెరుగును. అనగా ప్రవాహము రెండింతలైనచో వేడి నాలుగింతలు, మూడింతలైనచో తొమ్మిదింతలు అగును. హీటరులో నీటిని కాచునది ఈ సూత్రమే. గోడలోని తీగను కాల్చునదియు ఈ సూత్రమే. ఒకే అగ్ని పొయ్యిలో ఉన్నప్పుడు వంట చేయును, చూరు పట్టినప్పుడు కొంప కాల్చును గదా!

ఇండ్లకు విద్యుద్దీపములు అందించవలెనని పూనుకొన్న ఎడిసన్‌కు ఈ భయము మొదటనే తట్టినది. 1880 లో ఆయన ఒక చిన్న ఉపాయమునకు పేటెంటు పొందినాడు. వలయములో ఒకచోట సన్నని తీగముక్కను కావాలని బలహీనముగా ఉంచవలెను. ప్రవాహము మితిమీరినప్పుడు అది తాను కరిగిపోయి దారిని తెంపును. అదియే ఫ్యూజు. ఇందులోని ధర్మమును మనము జాగ్రత్తగా గుర్తించవలెను. ఫ్యూజు తీగకంటె బలహీనముగా ఉండుటయే దాని గొప్పతనము. అది బలవంతమైన క్షణమున కావలి పోయి, తీగయే ఫ్యూజు అగును. తేడా యేమనగా, ఫ్యూజు పింగాణీలో కరుగును. తీగ గోడలో, కొయ్యలో, పరుపుల ప్రక్కన కరుగును.

ఏ మందము గల ఫ్యూజు తీగ ఎన్ని ఆంపియర్లకు కరుగునో 1880 దశకములో బ్రిటిష్ తపాలాశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ ప్రయోగములు చేసి ఒక సూత్రము కట్టినాడు. దాని ప్రకారము అర మిల్లీమీటరు మందపు రాగి తీగ సుమారు 28 ఆంపియర్లకు కరుగును. దానినే మన పెద్దలు 15 ఆంపియర్ల ఫ్యూజు తీగ అనుచుండిరి. అనగా పాత ఫ్యూజు తన పేరిటి అంకెకు ఇంచుమించు రెట్టింపు వచ్చువరకు ఓర్చును. అది మోటుకావలి, ఆలస్యముగా మేల్కొనును. అయినను కావలియే.

ఆ కాలమున విద్యుత్తు అనగా వెలుగే. వేడి ఇంకను రాలేదు. కారణము లేకపోలేదు. ఎఱ్ఱగా కాలినను గాలికి చెడక, విరుగక, చిరకాలము నిలుచు తీగ దొరకవలెను గదా! 1905 లో అమెరికా దేశమున ఆల్బర్ట్ మార్ష్ నికెలును, క్రోమియమును కలిపి అట్టి మిశ్రలోహమును సాధించినాడు. మరుసటియేడు దానికి పేటెంటు వచ్చినది. నేడు నిక్రోము అని మనము పిలుచు ఈ జాతి తీగతోనే ఇస్త్రీపెట్టె, పొయ్యి, నీళ్ళకడ్డీ ఇండ్లలో ప్రవేశించినవి.

వెలుగునకు వేడికి ఎంత భేదమో ఒక చిన్న లెక్క చూడుడు. మన యింటికి వచ్చు ఒత్తిడి 230 వోల్టులు. వాట్ల సంఖ్యను దానిచే భాగించినచో ఆంపియర్లు వచ్చును. 40 వాట్ల దీపము ఆంపియరులో ఐదవవంతు కూడ కోరదు, ఇంచుమించు 0.17 తో తృప్తిపడును. 2,000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు కోరును. ఒక్క గీజరు ఏబది దీపములతో సమానము. దీపములకు వేసిన తీగమీద గీజరు పెట్టుట కాలిబాటమీద రైలు నడుపుటవంటిది.

ఇప్పుడు మన విశాఖ తీరమునకు వత్తము. 1933 లో విశాఖ రేవు ఓడలకు తెరువబడినది. ఆ కాలమున ఈ పట్టణమునకు బొగ్గుతో నడచు చిన్న విద్యుత్కేంద్రమే ఆధారము. ఇండ్లలో కొద్ది దీపములు, కలిగినవారింట ఒక పంకా, అంతే. 1948 లో ఇచ్చటి నౌకానిర్మాణశాల నుండి 'జల ఉష' సముద్రములో దిగినది. 1955 లో డుడుమ జలపాతపు నీటితో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడినది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలిసి నిర్మించిన ఆ కేంద్రము నుండి కొండలు దాటి తీగలు విశాఖకు దిగినవి. 1957 లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. 1963 లో ఈ నగరమున ఆకాశవాణి కేంద్రము వెలసినది. అప్పటి వాల్వుల రేడియో కోరినది కొద్ది పదుల వాట్లు మాత్రమే. దీపము, పంకా, రేడియో మూడును కలిపినను తీగకు చెమట పట్టలేదు.

ఆనాటి వారు వెలుగును వేడిని ఒకే దారిని నడువనిచ్చినవారు కారు. చాలచోట్ల దీపములకు, పంకాలకు ఒక రేటు. వేడికి, యంత్రశక్తికి వేరొక రేటు. అందుచేత కొన్ని యిండ్లలో రెండు మీటర్లు ఉండేవి. వెలుగుకు 5 ఆంపియర్ల చిన్న ప్లగ్గు, వేడికి 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు. రంధ్రముల పరిమాణమే వేరు కనుక పెద్దది చిన్నదానిలో దూరదు. నేడు అవియే 6, 16 ఆంపియర్లుగా వ్యవహరించబడుచున్నవి. ఈ రెండు ప్లగ్గుల భేదమును చూచి విసుగుకొనువారు కలరు. కాని అది చదువురానివానికి సైతము అర్థమగునట్లు చెక్కిన హెచ్చరిక. దానిని తప్పించుటకై అమ్మబడు మార్పుప్లగ్గులు హెచ్చరికను చెరపివేయు రబ్బరు ముక్కలు.

తీగల పేర్లు కూడ ఆనాడు వేరు. పనివారు మూడు బై ఇరువది రెండు, ఏడు బై ఇరువది అనుచుండిరి. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండవది పోగు మందమును తెలుపు గేజి. గేజి అంకె పెరిగినకొలది పోగు సన్నము. మూడు బై ఇరువది రెండు అనగా నేటి కొలతలో సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు; దీపములకు చాలును. ఏడు బై ఇరువది సుమారు 4.6, పెద్ద హీటర్లకు తగినది. టేకు రీపర్లమీద రబ్బరు తొడుగు తీగలు పరచి క్లిప్పులు కొట్టేవారు. బోర్డుమీద తెల్లని పింగాణీ కటౌటు ఉండేది. ఫ్యూజు పోయినప్పుడు తండ్రి స్టూలెక్కి, కొడుకు టార్చి పట్టుకొని, కొత్త తీగ చుట్టుట ప్రతి యింట జరిగిన వేడుకయే.

ఆ వేడుకలోనే కీడు మొదలైనది. రాత్రివేళ ఫ్యూజు తీగ దొరకదు. చేతికందిన ముక్క ఏదైన తీసి, అందులోని ఒక రాగిపోగు చుట్టి పని గడుపుకొనేవారు. పోగు ఒక్కటేగదా, సన్నముగనే ఉన్నదిగదా అని ధైర్యము. ప్రీస్ సూత్రముతో లెక్క చూడుడు. ఇరువది రెండు గేజి పోగు మందము 0.711 మిల్లీమీటరు. అది కరుగుటకు సుమారు 48 ఆంపియర్లు కావలెను. అది కాపాడవలసిన మూడు బై ఇరువది రెండు తీగయో, పదిహేను ఆంపియర్ల లోపుననే అలసిపోవును. కావలివాడు మేల్కొనులోపల ఇల్లు మూడుసార్లు దోచుకొనబడినట్లు! ఆ ఫ్యూజు ఇక పోలేదు. ఇంటివారు సంతోషించినారు. అచ్యుతాపురములో పెద్ద బ్రేకరు వేసి సంతోషించినది ఈ సంతోషమునకు మనుమడు.

1960 దశకములో ఇంకొక మార్పు వచ్చినది. రాగి మన దేశమున కొరతసరుకు, విదేశముల నుండి తేవలసినది. అందుచేత అల్యూమినియము తీగలు ఇండ్లలో ప్రవేశించినవి. అల్యూమినియము రాగితో పోల్చినచో నూటికి 61 పాళ్ళు మాత్రమే విద్యుత్తును సాగనిచ్చును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగ చేయుపని ఒకటిన్నర రాగి తీగ చేయును. పైగా దాని ఉపరితలమున ఆక్సైడు పొర పట్టును. మెత్తని లోహము కనుక మరచీల క్రింద నలిగి పట్టు వదలును. అతుకు వదులైనచోట వేడి పుట్టును. మన తీరపు ఉప్పుగాలి ఆ వ్యాధికి తోడు. పిమ్మట రాగి మరల ఇండ్లకు వచ్చినది. కాని ఆ కాలపు ఇండ్ల గోడలలో పాత అల్యూమినియము ఇంకను ఉండవచ్చును. పాత యిల్లు కొని గీజరు బిగించువారు గోడలో నున్నది ఏ లోహమో ముందు చూపించుకొనవలెను.

ఇక బ్రేకరు. 1924 లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున హ్యూగో స్టోట్జ్, ఆయన ఇంజనీరు హైన్రిక్ షాఖ్‌ట్‌నర్ కలిసి ఇంటి బోర్డులో ఇముడు చిన్న బ్రేకరుకు పేటెంటు పొందినారు. దానిలో ఇద్దరు కావలివారు ఉందురు. ఒకటి రెండు లోహములను అతికిన పట్టీ. మితిమీరిన ప్రవాహమునకు నెమ్మదిగా వేడెక్కి వంగి మీటను తప్పించును. రెండవది విద్యుదయస్కాంతము, తీగలు తగులుకొని ప్రవాహము ఒక్కపెట్టున విజృంభించినప్పుడు క్షణములో దెబ్బకొట్టును. చుట్టవలసిన తీగ లేదు కనుక రాగిపోగు మోసమునకు తావులేదు. మన దేశమున 1978 లో దీనికొక భారతీయ ప్రమాణము వచ్చినది. 1980 దశకము నుండి ఇండ్లలో క్రమముగా పింగాణీ కటౌటును తొలగించినది.

అయితే మోసమునకు తావు పోయినదని అనుకొన్నాము. అది దారి మార్చుకొన్నది. పోగు చుట్టుటకు బదులు మనము పెద్ద అంకె కొనుచున్నాము. బ్రేకరుమీది అంకె హీటరును చూచి వేసినది కాదు, తీగను చూచి వేయవలసినది. ఈ ఒక్కమాట మా ప్రసంగమునకు సారము. హీటరుకు కావలసినంత ప్రవాహమును పోనిచ్చుట బ్రేకరు ఓర్పు. తీగ భరించినంతకు మించి పోనీయకుండుట దాని ధర్మము. కావున మూడు సంఖ్యలు మెట్లవలె ఉండవలెను. హీటరు కోరు ప్రవాహము అన్నిటికంటె తక్కువ, బ్రేకరు అంకె నడుమ, తీగ శక్తి అన్నిటికంటె ఎక్కువ. అంతర్జాతీయ నియమములును, వానిని అనుసరించు మన భారతీయ ప్రమాణములును చెప్పునది ఇదియే.

తీగ శక్తి ఎంత? గోడలోని గొట్టములో ఒకే జతగా పోవు పి.వి.సి. తొడుగు రాగి తీగలకు, చుట్టు గాలి 30 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లకు పదిహేడున్నర ఆంపియర్లు, రెండున్నరకు 24, నాలుగుకు 32, ఆరుకు 41 అని అంతర్జాతీయ పట్టికలు చెప్పును. కాని మన వేసవి 30 డిగ్రీలతో ఆగునా? 40 డిగ్రీలకు ఈ అంకెలను 0.87 చే గుణింపవలెను. అప్పుడు ఒకటిన్నర తీగకు 15, రెండున్నరకు సుమారు 21, నాలుగుకు సుమారు 28, ఆరుకు సుమారు 36 మిగులును. ఇప్పుడు చూడుడు: 16 ఆంపియర్ల బ్రేకరుకు ఒకటిన్నర తీగ చాలదు, రెండున్నర కావలెను. 25 బ్రేకరుకు నాలుగు, 32 బ్రేకరుకు ఆరు కావలెను. ఒకే గొట్టములో రెండు మూడు జతలు కుక్కినచో ఒకదాని వేడి ఒకదానికి తగిలి శక్తి ఇంకను తగ్గును. అప్పుడు ఒక మెట్టు పైతీగ వేయవలెను, లేదా వేరు గొట్టము వేయవలెను.

ఈ లెక్కతో ఇంటి హీటర్లను సరిచూతము. 1,500 వాట్ల కడ్డీ ఆరున్నర ఆంపియర్లు కోరును; 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు అది ఎక్కువే, పెద్ద ప్లగ్గులోనే పెట్టవలెను. 2,000 వాట్ల గీజరుకు 8.7, 3,000 వాట్లదానికి 13. ఈ మూడింటికిని, ఒక్కొక్కదానికి విడిగా, రెండున్నర రాగి తీగయు 16 ఆంపియర్ల బ్రేకరుయు తగును. హీటరు మోటారువలె మొదలిడునప్పుడు ఎగిరిపడదు కనుక బి తరగతి బ్రేకరు సరిపోవును. అంగళ్ళలో సాధారణముగా దొరకు సి తరగతియు పనిచేయును.

బ్రేకరు చేయజాలని పనులు కూడ తెలిసియుండవలెను. అది మనిషిని షాకు నుండి కాపాడదు. మనిషి ప్రాణము తీయుటకు చాలిన ప్రవాహము బ్రేకరుకు లెక్కలోనికే రాదు. అందుకు 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు వేరుగా ఉండవలెను. ఎర్తింగు సరిగా ఉండవలెను. కడ్డీ నీటిలో ఉండగా స్విచ్చి వేసియే నీటిని చేతితో చూచుట ఎన్నటికిని కూడదు. అట్లే వదులైన మరచీల వద్ద పుట్టు వేడిని బ్రేకరు కనిపెట్టలేదు. అక్కడ ప్రవాహము పెరుగలేదు గదా! సముద్రగాలి తగులు ఊళ్ళలో ఏడాదికొకసారి బోర్డు విప్పించి మరచీలు బిగింపించుట మంచిది.

ఇప్పుడు అచ్యుతాపురపు ఇంటికి మరలుదము. 1,500 వాట్ల కడ్డీలు నాలుగు. మొత్తము 6,000 వాట్లు, అనగా 26 ఆంపియర్లు. 16 ఆంపియర్ల బ్రేకరు తన అంకెకు 1.45 రెట్లు, అనగా 23 దాటినచో గంటలోపల తప్పక పడవలెనని ప్రమాణము. కనుక అది పడినది. అది చెడిపోయి పడలేదు, సరిగా పనిచేసి పడినది. 32 బ్రేకరు 26 ఆంపియర్లను చూచి కదలదు; దాని దృష్టిలో అది న్యాయమైన బరువే. కాని పదిహేను భరించు తీగలో ఇరువదియారు పోవుచున్నది. జౌల్ సూత్రము ప్రకారము దానిలో పుట్టు వేడి తగినదానికి మూడింతలు. గృహిణి చేతికి తగిలిన వెచ్చదనము అదే. ఆమె వ్రేళ్ళు బ్రేకరుకంటె ముందు మేల్కొన్నవి.

మేము చెప్పిన సలహా కూడ ఈ చరిత్ర నుండి వచ్చినదే. వెంటనే పాత 16 బ్రేకరును మరల పెట్టించి, కొత్త తీగలు వచ్చువరకు కడ్డీలు రెండు చొప్పున వంతులవారీగా వాడవలెను. రెండింటికి 13 ఆంపియర్లు, తీగ భరించును. తరువాత ప్రతి గదికి వేరు గొట్టములో రెండున్నర రాగి తీగ, వేరు 16 బ్రేకరు. మీటరు నుండి మేడకు ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో అప్పుడు అక్కడ 32 బ్రేకరు ధర్మబద్ధము. సర్వీసుతీగ, మీటరు ఆ బరువునకు తగినవో కావో విద్యుత్పంపిణీ సంస్థ వారికి తెలిపి, మంజూరు లోడును పెంచుకొనవలెను. కావలసినచో మూడు ఫేజుల సర్వీసు తీసుకొనవలెను. ఈ పని అనుమతి గల పనివానిచేతనే చేయించవలెను.

ఖర్చు విని ఇంటి యజమాని కొంత తటపటాయించినారు. అది సహజమే. బ్రేకరు మార్చుట కొద్దిపాటి ఖర్చు, తీగ మార్చుట గోడ పగులగొట్టు పని. ఎనుబదియేండ్ల క్రితము స్టూలెక్కి రాగిపోగు చుట్టిన తండ్రియు ఈ లెక్కయే వేసుకొన్నాడు. కాని మేడమీద నిదురించువారు నలుగురు. వారెవరును ఆ బోర్డును ఎంచుకొన్నవారు కారు. ఆ మాట గృహిణియే అన్నారు. మరుసటి వారమున తీగలు మార్చుట మొదలైనదని మాకు వర్తమానము వచ్చినది.

కాబట్టి ఆమె ప్రశ్నకు మా సమాధానము ఇది. తీగకు తగినదై పడిన బ్రేకరే మంచిది. అది పడినప్పుడు దానిని తిట్టక, ఎందుకు పడినదో అడుగవలెను. కేకవేసిన కావలివానిని పంపివేసి నిద్రపోవు కావలివానిని పెట్టుకొన్న యింట రాత్రి నిశ్శబ్దముగనే గడచును; క్షేమముగా గడచునని చెప్పలేము.